ముక్కు వసారాలో కురుపు

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాడికి ముక్కు జబ్బు చేస్తే జాలిపడేవాళ్ళ కంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. పదహారేళ్ళుగా నేను అక్కడ ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. సీజన్లో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దించుతుంటే లేచే దుమ్ముకి కొత్తవాళ్ళు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తుతారు. నాకు ఆ ఘాటు పెద్దగా తెలిసేది కాదు. అలవాటైపోయిందని గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. అసలు సంగతేమిటంటే నా కుడి ముక్కులోంచి గాలే పోవడం లేదు.

రాత్రిళ్ళు నోరు తెరుచుకునే నిద్ర. పొద్దున లేచేసరికి గొంతు ఎండిపోయి ఉండేది. గురక సంగతి మా ఆవిడ చెబితే ఏళ్ళ తరబడి నమ్మలేదు, ఫోన్లో రికార్డు చేసి వినిపించాక నమ్మక తప్పలేదు. కొత్తపేటలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు పెద్ద యంత్రాలేం తీయలేదు. నాలుక అదిమి చూసే స్టీలు పట్టీని నా ముక్కు కింద అడ్డంగా పట్టుకుని, మామూలుగా గాలి వదలమన్నారు. తీసి నాకు చూపించారు. ఎడమ వైపు రూపాయి బిళ్ళంత ఆవిరి మచ్చ, కుడి వైపు కందిగింజంత. ఆ తర్వాతే సన్న కెమెరా పెట్టి చూసి, ముక్కు దూలం కుడికి బాగా ఒంగిపోయిందని, మందులతో అది నిటారుగా కాదని, దాన్ని సరిచేసే ఆపరేషన్, సెప్టోప్లాస్టీ, చేయాలని చెప్పారు.

మా యార్డు వాళ్ళు ఇలాంటివన్నీ ఎండాకాలం సెలవులకి పెట్టుకుంటారు. నేను డిసెంబరు ఆఖరి వారంలో చేయించుకున్నాను. కొత్త సరుకు ఫిబ్రవరికి గాని ఊపందుకోదు, ఈలోపు ముక్కు మానిపోతుంది, మేలో ఎండలకి కట్టుతో కూర్చునే బాధ ఉండదు. ఇదీ నా లెక్క. ధనుర్మాసంలో కత్తి పెట్టించుకోవడమేమిటని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మత్తిచ్చారు, తెలివొచ్చేసరికి రెండు ముక్కుల్లోనూ స్పాంజి ప్యాకులు బిగించి ఉన్నాయి. మర్నాడు అవి తీశారు. దూలానికి రెండు పక్కలా పెట్టిన సిలికాన్ రేకుల్ని వారానికి తీశారు. ఆ రేకులు బయటికొచ్చిన క్షణం కుడి ముక్కులోకి చల్లగాలి సర్రున పోయింది. నలభై ఏళ్ళ మనిషిని, కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా పది సార్లు పీల్చి చూసుకున్నాను. ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. రెండు వారాలు ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. బరువులెత్తకూడదు. రోజుకి మూడుసార్లు ఉప్పునీళ్ళతో కడుక్కోవాలి. ముక్కులో వేలు పెట్టకూడదు. ఆఖరి దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. నేను దాటింది ఆ గీతనే.

పక్కుల బాధ ముక్కు ఆపరేషన్ అయినవాళ్ళకే తెలుస్తుంది. ఎండిన రక్తం, జిగురు కలిసి గట్టిపడి, ముక్కు గుమ్మంలో వెంట్రుకలకు పట్టుకుని వేలాడుతుంటాయి. ఊపిరి తీస్తే ఒక పక్కకి, వదిలితే ఇంకో పక్కకి కదులుతాయి. ఒకటే దురద. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బుద్ధిగానే ఉన్నాను. సంక్రాంతి వెళ్ళాక యార్డుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళుగా మూసి ఉన్న తలుపు తెరిచారు కదా, మొదటి రోజే దుమ్మంతా నేరుగా లోపలికి దిగింది. ఎన్ని తుమ్ములు తుమ్మానో లెక్కలేదు. జేబు రుమాలుతో తుడిచీ తుడిచీ ముక్కు ఎర్రబడింది. చిట్టా రాసుకుంటుంటే కుడి చేతిలో పెన్ను, ఎడమ చేతి వేళ్ళు వాటంతట అవే ముక్కు దగ్గరికి. ఒకరోజు అలాగే ఒక పక్కుని గోటితో లాగేశాను. దాంతోపాటు రెండు వెంట్రుకలు, ఒక చుక్క రక్తం. నిజం చెప్పాలంటే ఆ క్షణానికి ప్రాణం లేచొచ్చింది.

మూడో రోజు పొద్దున మొహానికి సబ్బు రాసుకుంటుంటే చెయ్యి తగిలి ముక్కు కొన జివ్వుమంది. ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో చూశాను. కుడి ముక్కు లోపలి అంచున, సరిగ్గా వెంట్రుక మొదట్లో, ఆవగింజంత పచ్చటి మొన. చుట్టూ ఎరుపు. ముక్కులో కురుపు ఎవరికి రాదు చెప్పండి. కొబ్బరినూనెలో పసుపు రంగరించి పెట్టుకోమంది అమ్మ. అది నాటు వైద్యమని నేను కొట్టిపారేసి, మా వీధి చివర మెడికల్ షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు కౌంటరు మీద నుంచి తొంగి చూసి, "మూడు మందులు ఒకే ట్యూబులో ఉంటాయి అంకుల్, దేనికైనా పనిచేస్తుంది" అని ఒకటి చేతిలో పెట్టాడు. చీటీ అడగలేదు. నేనూ ఆపరేషన్ అయిన ముక్కు అని చెప్పలేదు. అమ్మ పసుపుకి, నా ట్యూబుకి తేడా ఏమిటో ఇప్పటికీ నాకు అంతు చిక్కదు. ఆమె మందులో ఏముందో కనీసం ఆమెకి తెలుసు.

ఆ ట్యూబు రాసిన రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది. దురద పోయింది, ఎరుపు తగ్గింది. నాలుగో రోజు కొట్లో కూర్చుంటే ముక్కు కొన బరువుగా అనిపించింది. సాయంత్రానికి నిగనిగలాడుతూ వాచింది. టిక్కీలు మోసే ముఠా మేస్త్రీ నన్ను చూసి, "గుమాస్తా గారూ, పండు మిరపకాయ మీ మొహం మీదే కాసిందే" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వబోయాను. నవ్వితే ముక్కు లాగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రాత్రి సలుపు మొదలైంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ముక్కులో ఒక పోటు. పై పెదవి మందంగా అయింది. ఒళ్ళు కాలుతుంటే చూసుకున్నాం, 101 జ్వరం. మా ఆవిడ లైటు వేసి నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమండీ, వాపు కంటి వైపు పాకుతున్నట్టుంది. రేపు యార్డు లేదు, గీర్డు లేదు" అంది.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మొదట ముక్కు చూడలేదు. నా కళ్ళ ముందు వేలు పెట్టి అటూ ఇటూ ఆడిస్తూ చూపు తిప్పమన్నారు. ఒకటి రెండుగా కనిపిస్తోందా, కంటి రెప్ప వాచిందా, విపరీతమైన తలనొప్పి ఉందా, వాంతులయ్యాయా, మెడ ఒంగుతోందా అని వరసగా అడిగారు. కురుపుకి ఇన్ని ప్రశ్నలేమిటా అని నేను బిక్కమొహం వేస్తే, మందుల చీటీ వెనక ఒక మొహం గీశారు. నోటి రెండు మూలల నుంచి ముక్కు పైభాగం దాకా రెండు గీతలు కలిపితే త్రికోణం వచ్చింది. "ఇక్కడి రక్తనాళాలకి కంటి వెనక నుంచి మెదడు కిందికి దారి ఉంది. ఇందులో లేచిన కురుపుని పిండితే చీము బయటికే రావాలని లేదు" అన్నారు. చాలా అరుదుగానే జరుగుతుందట, కానీ లోపలికి పాకి అక్కడ రక్తం గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుంది. నేను గోటితో చేసిన ఘనకార్యం గుర్తొచ్చి చెమట పట్టింది.

అసలు టెన్షన్ ఆ తర్వాత. ఆపరేషన్ చేసిన దూలం దగ్గర చీము పట్టిందేమో చూడాలన్నారు. అక్కడ చీము చేరితే మృదులాస్థికి రక్తం అందక కొన్నాళ్ళలోనే కరిగిపోతుందట, ముక్కు మధ్యలో గుర్రం జీనులా కుంగిపోతుందట. తలకి లైటు పెట్టుకుని, చిన్న చిమటా లాంటిదాన్ని ముక్కులో విప్పి, మొద్దుగా ఉండే పుల్లతో దూలాన్ని రెండు పక్కలా నొక్కి చూశారు. మెత్తగా దిగుతోందా, గట్టిగా ఉందా అని. పుల్ల కదిలినప్పుడల్లా నేను ఆవిడ మొహం వైపే చూస్తున్నాను. చివరికి, "లోపలి పని శుభ్రంగా ఉంది. మీ గొడవంతా వసారాలోనే" అన్నారు.

వసారా అన్నది ఆవిడ మాటే. ముక్కు రంధ్రం మొదట్లో ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్ల మేర ఉండేది మొహం మీద ఉండే చర్మం లాంటిదేనట, అందుకే అక్కడ వెంట్రుకలు మొలుస్తాయి, చెమట పడుతుంది, కురుపులూ లేస్తాయి. అది దాటాకే ముక్కు లోపలి తడి పొర మొదలవుతుంది. ఆ ముందు భాగాన్నే డాక్టర్లు వెస్టిబ్యూల్ అంటారు, అంటే ఇంటి ముందు వసారా. నా జబ్బు పేరు వెస్టిబ్యులైటిస్. ఆపరేషన్ నడింట్లో జరిగింది, నేను తగలబెట్టుకున్నది వసారాని.

కురుపు పిండుతారేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పిండలేదు. సెలైన్‌లో తడిపిన దూదితో పక్కుని నానబెట్టి, అదే ఊడొచ్చేదాకా ఆగారు. కింద కొంచెం చీము కనిపిస్తే దూది పుల్లతో తీసి, అది ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షకి పంపించారు. నేను జేబులోంచి మెడికల్ షాపు ట్యూబు తీసి చూపించాను. ఆవిడ వెనక వైపు చిన్న అక్షరాలు చదివి బల్ల మీద పడేశారు. అందులో స్టిరాయిడ్ ఉంది. అది వాపునీ ఎరుపునీ నొక్కేస్తుంది, కింద సూక్ష్మక్రిమికి ఒంట్లోంచి వెళ్ళాల్సిన ప్రతిఘటనని కూడా నొక్కేస్తుంది. నాకు బ్రహ్మాండంగా అనిపించిన ఆ రెండు రోజులూ క్రిమికి పండగన్నమాట.

రాసిన మందులు ఇవి. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన 625 మాత్ర పూటకొకటి చొప్పున పొద్దున, రాత్రి, అన్నం తిన్నాక, ఏడు రోజులు. జ్వరానికి పారాసెటమాల్. ముక్కులో రాసుకోవడానికి 2 శాతం ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రోజుకి రెండుసార్లు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో పది నిమిషాలు కాపడం, రోజుకి మూడు నాలుగు సార్లు. వారం రోజులు యార్డు వైపు చూడకూడదు. కన్ను వాచినా, చూపు తేడా చేసినా, తలనొప్పి తట్టుకోలేకపోయినా అర్ధరాత్రయినా సరే వచ్చేయమన్నారు. ఇవి నాకు, నా ముక్కుకి, నన్ను చూసి రాసిన మందులు, చదివి కొనుక్కోవద్దు. ఒకసారి అలా కొనుక్కున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఆయింట్‌మెంట్ రాసుకోవడం కూడా ఒక విద్యే. సిస్టర్ చేసి చూపించింది. ఇయర్ బడ్ కొన మీద పెసరగింజంత తీసుకుని, గుమ్మం చుట్టూ పూయాలి. ఒక ముక్కుకి వాడిన బడ్‌ని రెండో ముక్కుకి వాడకూడదు. ఎడమ వైపు బాగానే ఉంది కదా అంటే, అక్కడా క్రిమి ఉంటుంది, రెండు వైపులా రాయాల్సిందే అంది. తర్వాత బయటి నుంచి ముక్కు రెక్కల్ని మెల్లగా నొక్కితే మందు అంతటా పరుచుకుంటుంది. ఇంటికొచ్చి మొదటి రాత్రి, ఎంత లోపలికి పెడితే అంత మంచిదని బడ్‌ని దూర్చాను. తేజ మిరపకాయ కొరికి ముక్కుతో పీల్చినట్టు మంట. ఆసుపత్రికి ఫోన్ చేస్తే సిస్టర్ నవ్వాపుకుంటూ, "లోపలికి నెట్టారా సార్? వసారాలోనే రాయమన్నాం కదా" అంది. చర్మానికని అమ్మే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్‌ని పాలిఇథిలిన్ గ్లైకాల్‌లో కలిపి చేస్తారు. అది చర్మానికి పర్లేదు గాని, తడి పొరకి తగిలితే మండుతుంది. ముక్కు లోపలికని ప్రత్యేకంగా చేసేదాన్ని వాజలైన్ లాంటి దానిలో కలుపుతారు. మర్నాటి నుంచి గుమ్మం దాటకుండా రాసుకున్నాను, మంట లేదు.

జ్వరం రెండో రోజుకి దిగింది. సలుపు మూడో రోజు రాత్రి ఆగింది, ఆ రాత్రి నేను పడుకున్న నిద్రని నిద్ర అనాలి. మాత్రలకి కడుపు కొంచెం కదిలింది, పెరుగన్నంతో సర్దుకున్నాను.

కల్చర్ రిపోర్టు మూడో రోజుకి వచ్చింది. క్రిమి పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. కింద మందుల పట్టీ, ఒక్కోదాని ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఉంది. ఎస్ అంటే క్రిమి ఆ మందుకి లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని. పెన్సిలిన్ ఎదురుగా ఆర్ చూసి నా గుండె జారింది. నేను మింగుతున్నదీ ఆ జాతి మందే కదా. డాక్టరమ్మ తేలిగ్గా చెప్పారు. ఈ క్రిమి పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేస్తుంది, మాత్రలో ఉన్న క్లావులనేట్ ఆ ఎంజైమ్ చేతులు కట్టేస్తుంది, కాబట్టి మందు మార్చక్కర్లేదు. మెథిసిలిన్ అనే మందుకి కూడా లొంగని మొండి రకం అయ్యుంటే వేరే దారి పట్టాల్సి వచ్చేదట.

ఈ క్రిమి నాకు యార్డులో అంటిందా అని అడిగాను. మిర్చి దుమ్ము మీద నింద వేస్తే నాకు హాయిగా ఉండేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా పదిమందిలో ముగ్గురి ముక్కులో ఇది కాపురం ఉంటుందట, ఏ హానీ చేయకుండా. గోరు గీరుకుని చర్మం చిట్లితే, వెంట్రుక పీకితే, అప్పుడు లోపలికి దిగుతుంది. దుమ్ము తుమ్మించింది అంతే, తలుపు తీసింది నా వేలు.

అప్పుడే నా మరో నిర్వాకం కూడా బయటపడింది. ఉప్పునీళ్ళతో ఎలా కడుగుతున్నారో చెప్పమంటే, గీజర్ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి కదా, వాటితోనే అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు. కుళాయి నీళ్ళు వేడిగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు. నీళ్ళు బాగా కాచి, చల్లార్చి, అందులోనే ఆ ఉప్పు పొట్లం కలపాలి. కడిగే సీసాని ఆపరేషన్ నాటి నుంచి ఒక్కసారి కూడా వేడినీళ్ళతో శుభ్రం చేయలేదు, ముక్కుకి ఆనే దాని మూతి చుట్టూ నల్లటి గీత కట్టింది. ఆ సీసా ఆ రోజే చెత్తబుట్టలోకి వెళ్ళింది. కొత్తది కొన్నాను. కడిగిన ప్రతిసారీ బోర్లించి ఆరబెట్టే పని మా అమ్మ తీసుకుంది. పసుపు వద్దన్నందుకు ఇలా కక్ష తీర్చుకుంటోందేమో, సీసా తడిగా కనబడితే చాలు పెద్ద గొంతుతో పిలుస్తుంది.

రక్తపరీక్షలో మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బిఎ1సి) 6.1 శాతం వచ్చింది. 5.7 లోపు ఉండాలి, 6.5 అయితే షుగరు జబ్బు. నేను గట్టు మీద ఉన్నాను. కురుపులు మానడానికి ఇదీ అడ్డమేనన్నారు. సీజన్లో రోజుకి ఎనిమిది టీలు తాగేవాణ్ణి, రెండుకి తెచ్చాను, అవీ చప్పగా. నా మటుకు నాకు ముక్కు ఆపరేషన్ కంటే ఇదే కష్టంగా ఉంది.

జేబు రుమాలు మానేసి కాగితం టిష్యూలు పెట్టుకున్నాను, ఒకసారి వాడి పారేయడమే. తువ్వాలు వేరు, దిండు గలీబు రెండు రోజులకోసారి ఉతుకు. గోళ్ళు మా ఆవిడే కత్తిరించింది, నా మీద నమ్మకం లేక. ముపిరోసిన్ పదో రోజుకి ఆపేయమన్నారు. మంచిదని నెలల తరబడి రాస్తే క్రిమి దానికీ మొండికేస్తుంది. ఆ తర్వాత పక్కులు ఎండిపోకుండా రాత్రిపూట పల్చగా వాజలైన్, అంతే. ముక్కులో వెంట్రుకలు ఎప్పటికీ పీకకూడదు. బయటికి కనబడేవి ఉంటే, పూర్తిగా మానాక, కొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరతో కత్తిరించుకోవచ్చు.

యార్డుకి తిరిగి వెళ్ళేసరికి ఫిబ్రవరి రెండో వారం, సరుకు పోటెత్తుతోంది. మాస్కు పెట్టుకుని, టిక్కీలు దించే చోటికి దూరంగా బల్ల వేయించుకున్నాను. షావుకారు గారు ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఏవయ్యా, నా ముక్కులోనూ ఏదో లేచింది. నువ్వు రాసుకున్న ట్యూబు మిగిలిందా?" అన్నారు. మిగిలింది, బీరువాలో ఉంది. లేదండీ, పారేశానండీ అని చెప్పి, డాక్టరమ్మ నంబరు రాసిచ్చాను. ఆయన వెళ్ళారో, చుట్టుగుంటలో ఏ షాపుకి వెళ్ళారో తెలియదు. వారానికి తగ్గిందన్నారు.

మార్చి చివర ఆఖరిసారి చూపించుకోవడానికి వెళ్ళాను. డాక్టరమ్మ మళ్ళీ ఆ స్టీలు పట్టీ తీసి ముక్కు కింద పెట్టారు. గాలి వదిలాను. రెండు మచ్చలు, ఇంచుమించు సమానం. కుడిదే ఒక పిసరు పెద్దదని నాకనిపించింది, ఆవిడ ఒప్పుకోలేదు. ఇంక అవసరమైతేనే రండి అన్నారు.

అటు నుంచి అటే యార్డుకి వెళ్ళాను. మాస్కు తీసి నీళ్ళు తాగుతుంటే పక్కనే తేజ టిక్కీ ఒకటి విప్పారు. వరసగా ఏడు తుమ్ములు వచ్చాయి. ఏడూ నోరు తెరిచే తుమ్మాను.